తూర్పు గోడ మీద సిమెంటు గీతలు

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, మార్చి నెలాఖరులో, అమెరికాలో మేముండే అరోరా ఊరి శివార్లలోని ఒక పాత ఇటుక బంగళాను పరీక్షించే పని అప్పగించారు. అప్పుడు నేను పాత కట్టడాల బలాబలాలు చూసే చిన్న కంపెనీలో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఒక ఇంట్లో మనుషులు ఉండవచ్చా లేదా అన్నది మా సంతకం మీద ఆధారపడి ఉంటుంది.

ఆ ఇల్లు వేల్స్ నుంచి వలస వచ్చిన ఒక ఇటుక బట్టీ యజమాని ఏనాడో కట్టించుకున్నది. తన ఊరి జమీందారు బంగళాను తలచుకుని కట్టించాడట. ఏటవాలు కప్పు, ఇరువైపులా త్రికోణంగా లేచే గోడలు, పొడుగాటి పొగగొట్టాలు, రాతి చట్రాల కిటికీలు. గోడ రెండు పొరలు. వరసలో ఒక ఇటుక పొడవునా, పక్కది అడ్డంగా పేర్చారు. ఆ అడ్డ ఇటుకే లోపలి పొరనూ బయటి పొరనూ కలిపి పట్టుకుంటుంది. సందుల్లో సున్నం. అంత శ్రద్ధగా పేర్చిన గోడను నేను మళ్లీ చూడలేదు.

ఇంటివారు మనవాళ్లే. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన ప్రసాద్ గారు ఆ ఇంటిని ముచ్చటపడి కొన్నారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. భార్య సుజాత గారు తలుపు తీస్తూనే తన కోరిక చెప్పింది. వచ్చే నెల సంవత్సరీకం, ఆయన కన్నుమూసిన తూర్పు గదిలోనే జరిపించాలి. ఆ గది తలుపు బిగుసుకుపోతోంది, అది చూసి వెళితే చాలు, పెద్ద రిపేర్లేమైనా ఉంటే తర్వాత చూసుకుంటానంది.

బయటికి వెళ్లి, నిటారుగా ఉందో లేదో చూడటానికి తూర్పు గోడకు తూకం గుండు వేలాడదీశాను. గోడ పొట్ట ఉబ్బి ఉంది. చెక్క సుత్తితో తడితే డొల్ల శబ్దం. ఇటుకల ముఖాలు పెచ్చులూడుతున్నాయి, వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం నున్నగా, తిన్నగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఏ కాంట్రాక్టర్ చేశాడమ్మా ఈ ఘనకార్యం అని అడిగాను.

"కాంట్రాక్టర్ ఎందుకండీ, ఆయనే చేసుకున్నారు," అంది. "వీకెండ్ వస్తే చాలు, పాత సున్నం గీకేసి సిమెంట్ ఫిల్ చేసేవారు. మన దగ్గర గోడ లీక్ అయితే సిమెంటే కదండీ."

మన దగ్గర గోడలో నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. పాత ఇటుక మెత్తనిది, నీరు పీలుస్తుంది. ఆ నీరు సున్నం గుండా బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఇక్కడి చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి ఇటుకను పగలగొడుతుంది. సందులోంచి సన్నని కెమెరా పంపి చూశాను. అడ్డ ఇటుకలన్నీ విరిగిపోయి, బయటి పొర ఒంటరిగా నిలబడి ఉంది.

ప్రాణాపాయం ఉంటే ఆ రోజే బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలి. వాళ్లు తలుపుకి ఎర్ర నోటీసు అంటిస్తారు, ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఆ మాట ఆవిడకు చెప్పాను. సంవత్సరీకం దాకా ఆగమంది. కుదరదన్నాను. అప్పుడు నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్లింది. సిమెంటు బస్తాలు దొంతరగా ఉన్నాయి. పడమటి గోడ ఆయన మొదలుపెట్టకుండానే పోయారు, ఆయన పేరున తానే పూర్తి చేయిస్తానంది.

"నిజం చెప్పండి అన్నయ్యగారూ. ఆయన ముట్టుకోకపోతే ఆ గోడ ఉండేదా?"

వయసైపోయిందమ్మా, ఎలాగూ పడేదే అని చెప్పడం నాకు తేలికే. కానీ ఆ బస్తాలు కళ్ల ముందున్నాయి.

"ఉండేదమ్మా," అన్నాను.

ఆవిడ గరాజ్ లైటు ఆపేసి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రానికి నోటీసు పడింది. సంవత్సరీకం గుడి హాల్లో జరిగిందని తర్వాత ఎవరో చెప్పారు.

తూర్పు గోడను విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఇటుకలు చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి. ప్రసాద్ గారి సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు. కూలీలు దాన్ని బద్దలుగా ఏరి ట్రక్కులో వేశారు.

పడమటి గోడ ఇప్పటికీ నిలిచే ఉంది. సుజాత గారు మళ్లీ నాతో మాట్లాడలేదు.

పాత ఇల్లు కొంటున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే, సున్నం ఉన్న చోట సున్నమే పెట్టండని చెబుతాను. ఎందుకని అడిగితే ఇటుక గురించి చెబుతాను. ఆవిడ గురించి చెప్పను.