ఊగడం ఆగకముందే కొలిచిన బిల్డింగ్

థీసిస్ ఇవ్వడానికి వారమే గడువు. గైడ్ సార్ పొడిగించమని రాసిస్తే సరి, లేకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. సరిగ్గా అప్పుడే నాకు కళ్లు తెరుచుకోవాలా? ఏం ఖర్మ!

నా పని చెప్పడానికి తేలికే. మెత్తటి నేల మీద కట్టిన బిల్డింగ్ భూకంపం తర్వాత పూర్తిగా తన చోటికి రాదు, కొంచెం ఒరిగి ఉండిపోతుంది. ఆ మిగిలిన ఒరుగు ఎంతో కంప్యూటర్‌లో అంచనా కట్టాలి. జనం మళ్లీ ఆ ఇంట్లోకి పోవచ్చా లేదా అన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

మా ల్యాబ్‌లో ఈ లెక్క చేసే కంప్యూటర్ ఫైల్ ఎవరూ కొత్తగా రాయరు. సీనియర్‌ది కాపీ చేసుకుని అంకెలు మార్చుకుంటారు. "నడుస్తున్నదాన్ని గెలకొద్దు" అన్నదే మాకు వేదం.

ఆ సాయంత్రం తార్నాకలో టమాటాలు కొంటుంటే, తరాజు ఇంకా ఊగుతుండగానే బండి ఆయన పళ్లెం లేపేశాడు.

"ఆగనియ్యి అన్నా! ఊగుతుంటేనే ఎట్ల తీస్తవ్?" అని గట్టిగా అరిచాను.

"గింత దానికి లొల్లెందుకక్కా?" అన్నాడు.

మా ఫైల్ చేస్తున్నదీ అదే కదా! భూకంపంలో నేల కదిలిన రికార్డు ముగియగానే లెక్క ఆపేస్తుంది. నేల ఆగినా బిల్డింగ్ ఊగుతూనే ఉంటుంది. ఊగేదాన్ని పట్టుకుని, ఇదే మిగిలిన ఒరుగని ఇన్నాళ్లూ రాసుకున్నాం.

పొద్దున్నే క్యాంపస్‌కు పోయి, ఒక బిల్డింగ్ లెక్కను అది పూర్తిగా ఆగేదాకా నడిపించాను. థీసిస్‌లో దాదాపు నిటారుగా ఉన్నది కాస్తా, మనిషిని లోపలికి పంపలేనంత ఒరిగి ఆగింది. ఏడుపొచ్చింది. పాతదీ కొత్తదీ రెండు చార్టులూ, గడువు పొడిగింపు దరఖాస్తూ పట్టుకుని సార్ గదికి పోయాను.

"భూకంపం అయిపోయింది కదమ్మా, ఇంకేం చూస్తవ్? సబ్మిట్ చేసెయ్."

"బిల్డింగ్ ఆగలేదు సార్. మన అంకె నమ్మి ఎవరన్నా ఇంట్లకు పోతే?"

"వారంల అన్నీ మళ్ల చేస్తవా?"

ఒళ్లు మండిపోయింది. "చెయ్యలేను సార్! అసలు ఈ దిక్కుమాలిన ఫైల్ రాసిన మహానుభావుడెవరు?"

సార్ రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూశారు.

"నేనే," అన్నారు. "నా పీహెచ్‌డీకి రాసుకున్న."

ఆయన నా దరఖాస్తు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. తర్వాత బీరువాలోంచి దుమ్ము పట్టిన తన థీసిస్ తీసి నా ముందు పెట్టారు.

"ముందు నా బిల్డింగుల లెక్క నడిపించు," అన్నారు.