మూడో ఏనుగు

పోయిన నెలలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నాను. శిరివెళ్ల దాటాక వెనక సీట్లో ఎవరి ఫోన్‌లోనో నాణేలు రాలిన చప్పుడైంది. ఇత్తడి పళ్లెంలో చిల్లర గుమ్మరించినట్టు మొదలై, చివర చిన్న గంటతో ఆగిపోయే చప్పుడు. నేను తిరిగి చూడలేదు. చూడకుండానే అది ఏ ఆటో, ఆడుతున్న మనిషికి వచ్చింది పెద్ద గెలుపో చిన్న గెలుపో చెప్పగలను. ఏ గెలుపుకు ఆ చప్పుడు ఎంతసేపు మోగాలో నిర్ణయించిన గదిలో నేనూ కూర్చున్నాను. బస్సులో ఎవరూ ఆ చప్పుడు పట్టించుకోలేదు. నాకు మాత్రం రాజేశ్వరి మేడం గుర్తొచ్చి, ఊరు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా బయట ఏముందో కనబడలేదు.

నంద్యాలలో నేను డిగ్రీ చదివిన కళాశాలలో ఆమె స్టాటిస్టిక్స్ చెప్పేది. దొర్నిపాడు రైతు కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నూలు చీరలోనే ఉండేది. తరగతిలో పుస్తకం భాష మాట్లాడి, గంట కొట్టగానే వరండాలోకి వచ్చి సొంత భాషలో తిట్టేది. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కేచోట కూలికి పనిచేసే మనిషి కూతుర్ని నేను. డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలో చెప్పేవాళ్లెవరూ మా ఇంట్లో లేరు. నాకు లెక్కలు వస్తాయని నాకంటే ముందు ఆమె కనిపెట్టింది. "బిందూ, నీకు చెయ్యి కంటే ముందు కన్ను లెక్కేస్తాది. దాన్ని పాడుచేసుకోవాకు" అంది ఒకసారి. అంతకుమించి మెచ్చుకోవడం ఆమెకు తెలియదు.

ఆ రోజుల్లో మా తరగతి మగపిల్లలు బస్టాండు వెనక ఉన్న కంప్యూటర్ సెంటర్లో ఒక ఆటకు అలవాటుపడ్డారు. అందులో నాయకుడు తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఊళ్లు దాటుతుంటాడు. సగం దారిలో ఎడారి మధ్య ఒక పట్నం వస్తుంది. ఆ పట్నంలో గుడారం లాంటి పెద్ద జూదశాల. లోపల దీపాలు, సంగీతం, వరసగా నిలబెట్టిన యంత్రాలు. మీట నొక్కితే మూడు చక్రాలు తిరుగుతాయి, మూడింటిలోనూ కప్ప బొమ్మ పడితే నాయకుడికి ఎక్కడా దొరకని కత్తి దొరుకుతుంది. మావాళ్లు ఆ జూదశాలలోకి వెళ్లాక ఇక బయటికి రాలేదు. చెల్లెలి సంగతి అందరూ మరిచిపోయారు. వరసగా నాలుగు రోజులు తరగతికి రాని మహేశ్వర్‌ను మేడం నిలబెట్టి అడిగితే, వాడు సిగ్గుపడకుండా నిజం చెప్పాడు.

"ఏ గడియకు నొక్కితే మూడు కప్పలు పడతాయో నేను కనిపెట్టినా మేడం. మూడోది ఒక్క గడి ముందు నిలబడతాండాది. ఇంగ రొంత పట్టు దొరికితే సాలు."

"అట్లనా? పద, చూద్దాం" అంది ఆమె.

ఎగతాళికి అన్నదనుకున్నాం. మరుసటి రోజు మధ్యాహ్నం నిజంగానే మా పన్నెండు మందినీ వెంటబెట్టుకుని ఆ సెంటర్‌కు వచ్చింది. మహేశ్వర్‌ను ఆడమని, మమ్మల్ని రాయమంది. ఒకరు మొదటి చక్రం, ఒకరు రెండోది, నేను మూడోది. కప్ప ఎన్నిసార్లు సరిగ్గా నిలబడింది, ఎన్నిసార్లు ఒక గడి ముందే పైన ఆగింది, ఎన్నిసార్లు ఒక గడి దాటి కిందికి పోయింది. మూడు మధ్యాహ్నాలు అదే పని. చివరికి లెక్క తీస్తే మొదటి రెండు చక్రాల్లో కప్ప ఎక్కడైనా నిలబడుతోంది. మూడో చక్రంలో మాత్రం ఒక గడి ముందు నిలబడడమే ఎక్కువ, మిగతా ఏ గడికీ అన్ని గీతలు పడలేదు.

"ఇప్పుడు చెప్పు. ఇది నీ పట్టు తప్పడమేనా?" అని అడిగింది మేడం. "చక్రం తిరగడం లేదప్పా. నువ్వు మీట నొక్కినప్పుడే లోపల తేలిపోయింది. ఆ తిప్పడం నీ కండ్లకోసం."

వాడు బింకంగా, "ఓడిపోతే మాకేం మేడం, ముందు దాచిపెట్టుకున్న చోటికి పోయి మళ్లా మొదలుపెడతాం" అన్నాడు. ఆటలో ఆ వీలుంది నిజమే. యంత్రం దగ్గరికి వెళ్లేముందు ఆటను దాచుకుని, పోగొట్టుకున్నాక మళ్లీ అక్కడి నుంచే రావచ్చు.

"అది ఆటలోనే. బయట అట్లా చోటు యాడుంటాది?" అంది ఆమె.

ఆ తర్వాత ఆమెకే అదొక ధ్యాసగా మారింది. ఏ ఆటలో ఎక్కడ జూదం ఉందో పిల్లల్ని అడిగి తెలుసుకునేది. ఓడలో కన్నార్పకుండా పేకముక్కలు పంచే మనిషి, సారాకొట్టులో పాచికలు వేసి ఓడినవాణ్ణి చూసి నవ్వే ఒంటికన్ను ముసలాడు, ఎలుకల పరుగుపందెం. "ఆట లోపల మళ్లా ఆట ఏందికి పెడతారు?" అని మమ్మల్ని అడిగేది. మూడో చక్రం ముందు నిలబడి గీతలు గీసిన ఆ మూడు మధ్యాహ్నాలు నా బతుకును ఒక వైపుకు తిప్పేశాయి.

పై చదువు అయ్యాక హైదరాబాదులో ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగానికి వెళ్లాను. నీకేం తెలుసని అడిగితే కప్పల సంగతి చెప్పాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్లకు కావలసింది సరిగ్గా అదే. ఎవరో చేసిన మాయను పట్టుకోగలిగిన మనిషి అదే మాయను చెయ్యనూగలదు. నా పని జూదశాల ఆటలో చక్రాల లెక్కలు రాయడం. తెరమీద కనబడే చక్రంలో ప్రతి బొమ్మకూ సమానంగా ఒక్కో గడే ఉంటుంది. లోపలి పట్టికలో మాత్రం ఏ బొమ్మకు ఎంత చోటివ్వాలో నేను నిర్ణయిస్తాను. మా ఆటలో బంగారు ఏనుగులు ఉండేవి. మొదటి ఏనుగు తేలిగ్గా పడాలి, రెండోది కొంచెం ఊరించి పడాలి, మూడోది ఒక గడి ముందు నిలబడాలి. ఎన్నిసార్లు అలా నిలబడితే మనిషి ఆశ వదులుకోకుండా ఉంటాడో ఆ సంఖ్య కోసం నెలల తరబడి కూర్చున్నాను. దొరికిన రోజు ఆఫీసులో అందరికీ కేకు పంచారు.

మేడం ఇంటికి వెళ్లి ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు, "ఊరికే ఆట మేడం. గెలిచినా దుడ్లు రావు" అన్నాను.

"రావు, సరే. పోవా?"

ఆడడానికి చిప్పులు, అంటే ఆటలో పందెం కాసే బిళ్లలు, అసలు డబ్బుతో కొనుక్కోవాలని చెప్పలేదు. ఎవరైనా కావాలంటే కొనుక్కుంటారు అని నసిగాను. ఆమె పొయ్యి మీద పాలు చూడడానికి లేచి లోపలికి పోయింది.

ఆమె రిటైరయ్యాక తమ్ముడు ఓబులేసు వచ్చి నంద్యాలలో ఆమె దగ్గరే ఉండసాగాడు. దొర్నిపాడులో శనగ వేసే నల్లరేగడి చేను ఆయనది. ట్రాక్టరు బోల్తాపడి నడుం దెబ్బతిన్నది. ఆ మరుసటి ఏడే భార్య పోయింది. పిల్లల్లేరు. చేను కౌలుకిచ్చి, అక్క ఇంట్లో కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు. ఒక ఆదివారం మేడం నాకు ఫోన్ చేసి, "ఊరికి వస్తే ఒకసారి ఇట్ల రా. నీతో పనుంది" అంది. ఆమె నాతో పనుందనడం అదే మొదటిసారి.

వెళ్లేసరికి గుమ్మం దగ్గరే ఆ చప్పుడు వినబడింది. నాణేలు, చివర చిన్న గంట. ఓబులేసన్న తలెత్తి, "రా పాపా" అని మళ్లీ తెరలోకి చూశాడు. బంగారు ఏనుగు, బంగారు ఏనుగు, మూడోది ఒక గడి పైన. అది మా ఆటే.

మేడం నన్ను వంటగదిలోకి తీసుకుపోయి ఒక నోటుబుక్కు చేతిలో పెట్టింది. ఆయనకు బుద్ధి వస్తుందని, వెయ్యిసార్లు ఆడి ప్రతిసారీ మూడో ఏనుగు ఎక్కడ నిలబడిందో రాయమందట. మాకు పెట్టిన పరీక్షే ఆయనకూ పెట్టింది. ఆయన మారుమాటాడకుండా రాశాడు. పేజీల నిండా వంకర లేకుండా గీతలు, అయిదేసి గీతలకు ఒక కట్ట. అక్క చెప్పిందన్న సాకుతో రెండు రోజులు పొద్దస్తమానం ఆడాడు. ఆ వెయ్యిసార్లు ఆడడానికి మూడు విడతలు చిప్పులు కొన్నాడు.

"లెక్క చూపిస్తే ఏమన్నాడో తెలుసా?" అంది మేడం. "'నాకు తెలుసులే అక్కా, అది పడదని. ఆ మోత వినపడతాంటే ఇంట్లో మనుషులు ఉన్నట్ల అనిపిస్తాది' అన్యాడు. తెలిస్తే మానేస్తారనుకున్నా బిందూ. ముప్పై ఏండ్లు పిల్లోల్లకు అదే చెప్పినా. తెలిసినోడు కూడా ఆడతాంటే ఇంగ నేనేం చెప్పేది?"

నేను నోటుబుక్కు తిరగేస్తున్నట్టు నటిస్తున్నాను. చివరి పేజీలో ఆమె చేతిరాతతో మొత్తం వేసి ఉంది. ఒక గడి పక్కన నిలబడిన సంఖ్య చుట్టూ ఎర్రగా గీసింది. నేను పట్టికలో పెట్టిన సంఖ్యకు అది చాలా దగ్గర.

"నువ్వు ఈ పనిలోనే ఉండావు గదా. చెప్పు. ఇది ఎవరో కూర్చోని కావాలని పెట్టిందేనా? లేకుంటే నా లెక్క తప్పా?"

ఇప్పటికీ ఆ వంటగది నాకు కళ్లకు కట్టినట్టుంది. రుబ్బురోలు మీద ఆరబెట్టిన గుడ్డ, సగం తరిగిన బీరకాయ. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఒక్కమాట చాలు. నేనే పెట్టాను మేడం అంటే అయిపోయేది.

"వెయ్యిసార్లు సాలదేమో మేడం" అన్నాను. "ఇంకా ఎక్కువసార్లు చూస్తే అన్నీ సమానంగానే రావచ్చు. మీ లెక్క కొంచెం తప్పయ్యుంటుంది."

ఆమె ఆ ఎర్రగీత వైపు చూసింది. వెయ్యిసార్లు చాలని ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు చాలో నాకు నేర్పింది ఆమే. అయినా నాతో వాదించలేదు.

"అయ్యుంటాదిలే. ముసిల్దాన్ని అయిపోతాండా. ఈ మధ్య కూడికలు కూడా తప్పుతాండాయి" అని నోటుబుక్కు మూసి, బియ్యం డబ్బా మీద పెట్టి, మళ్లీ బీరకాయ ముందు కూర్చుంది. నన్ను భోంచేసి పొమ్మంది. భోంచేశాను. ఎలా తిన్నానో, ఏం తిన్నానో గుర్తులేదు.

ఆ తర్వాత ఏడు నెలలకు ఆమె పోయింది. గుండెపోటు. ఆ ఏడు నెలల్లో నేను మూడుసార్లు ఊరికి వచ్చాను. మూడుసార్లూ నంద్యాలలో దిగకుండా ఆళ్లగడ్డకు వెళ్లిపోయాను. ఫోన్‌లో చెబుదామని కొన్నిసార్లు ఆమె నంబరు తీశాను. బాగున్నారా అని అడిగి పెట్టేశాను. చివరిసారి మాట్లాడినప్పుడు పక్కింటి పిల్లలకు ట్యూషన్ మానేశానంది. ఎందుకు మేడం అంటే, "తప్పులు చెప్పేదానికంటే ఊరికుండేది మేలు గదా" అంది.

ఆమె పోయిన తర్వాత నేను ఉద్యోగం మానేశాను. అందులో గొప్ప ఏమీ లేదు. మానెయ్యాల్సిన రోజు అంతకుముందే దాటిపోయింది. ఓబులేసన్న చేనంతా అమ్మేసి దొర్నిపాడులో పాత ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడని విని, ఒక పొద్దున బయల్దేరి వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. ఆయన తిడతాడని, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. ఆ రెండింటిలో ఏది జరిగినా నాకు కొంత బరువు దిగేది.

వసారాలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నీళ్లిచ్చాడు. నేను తాగకుండానే చెప్పేశాను.

"అన్నా, ఆ ఏనుగుల ఆట లెక్క రాసింది నేనే. మూడో ఏనుగు ఒక గడి పక్కన నిలబడేట్టు పెట్టింది నేను. మేడం అడిగితే కాదన్నట్టు చెప్పినా. ఆమె లెక్క తప్పు కాదు."

ఆయన ముఖంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నెమ్మదిగా కళ్లలో ఏదో వెలుగు వచ్చింది. కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"అయితే నీకు తెలిసుంటాది గదా పాపా. ఎన్నిటికి ఒకసారి పడేట్ల పెట్టినావు?"

నేను చెప్పలేదు. లేచి వచ్చేశాను. ఆయన వీధి గుమ్మం దాకా నా వెనకే వచ్చి, "పడేదయితే నిజమే గదా? యానాటికన్నా పడేదే గదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఒక చిన్న కళాశాలలో లెక్కలు చెబుతున్నాను. తెలిస్తే మానేస్తారని మేడం నమ్మినట్టు నేను నమ్మలేను. అయినా చెబుతున్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే. పిల్లలెవరైనా లెక్క చేసి తెచ్చి, "ఇది తప్పేమో మేడం" అని అనుమానంగా నిలబడితే, నాకు ఎంత తొందర పని ఉన్నా కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూస్తాను. సరిగ్గా ఉంటే సరిగ్గా ఉందని గట్టిగా చెబుతాను. వాళ్లు ఆశ్చర్యపోతారు, ఇంత చిన్నదానికి ఈమె ఎందుకు ఇంత పట్టుబడుతోందని. వాళ్లకు చెప్పిన ఆ మాట బీరకాయలు తరుగుతూ కూర్చున్న ఒక మనిషికి ఎప్పటికీ అందదు.