జొన్నచేలో స్టేషన్

1973 సెప్టెంబరులో సర్వేయరుగా నన్ను హైదరాబాద్ పక్కనున్న రాయదుర్గం క్యాంపుకు వేశారు. మా భాషలో స్టేషన్ అంటే థియోడొలైట్ నిలబెట్టి కోణాలు కొలిచే చోటు. బండలో దిగ్గొట్టిన మేకు, చుట్టూ సున్నపు గీత, అంతే. పోలీసులకూ రేడియోవాళ్ళకూ వాళ్ళ స్టేషన్లు వాళ్ళకున్నాయి. ఆఫీసు కాగితాల్లో ఇంకో అర్థం ఉండేది, ఉద్యోగి పనిచేసే ఊరు. అది దాటాలంటే 'స్టేషన్ విడిచి వెళ్ళుటకు అనుమతి' అడగాలి. తెనాలిలో నాకు కూతురు పుట్టి మూడు నెలలైంది. ఇంకా చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. పెట్టిన మూడు అర్జీలూ తిరిగొచ్చాయి.

మా ఏడో స్టేషన్ ఆ ఊరి రైతు మల్లమ్మ జొన్నచేలోని బండమీద పడింది. "ఇక్కడ స్టేషన్ పెడుతున్నామండి, ఎవరూ కదిలించకుండా చూడండి" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి మేకు చుట్టూ ఊడ్చేది, మాకు సీతాఫలాలు తెచ్చేది. ఒక మేకుకు ఇంత మర్యాద మా శాఖలో కూడా లేదని నవ్వుకున్నాను.

బతుకమ్మ పండుగ దగ్గరపడ్డాక, గొలుసు పట్టే మా ఖలాసీ యాదగిరి అసలు సంగతి చెప్పాడు.

"పరేషానైంది సార్. మల్లమ్మ రైలు స్టేషన్ అనుకున్నది. బిడ్డను వికారాబాద్‌ల ఇచ్చింది. సంటిపిల్లతోని హఫీజ్‌పేట కాడ దిగి గంత దూరం నడువకు, ఈ పండుగకు రాకు, మనకాడ రైలు పడ్డంక రమ్మని కబురు పంపింది."

తప్పు నాదే. వెళ్ళి చెప్పాను. మల్లమ్మ వంగి మేకును వేలితో తట్టింది.

"గీ మొలకు స్టేషనని పేరేంది సారూ? మనుమరాలిని ఇంకా ఎత్తుకోనన్న ఎత్తుకోలే."

నా పిల్లను నేనూ ఎత్తుకోలేదు.

నాలుగో అర్జీకి మూడు రోజులు మంజూరైంది. తెనాలి ఒక దిక్కు, వికారాబాద్ ఇంకో దిక్కు. మొదటి రోజు వికారాబాద్ వెళ్ళాను. తలుపు తీసిన మల్లమ్మ అల్లుడితో స్టేషన్ గురించి వచ్చానన్నాను. అతను బెదిరిపోయి, "నేనేం చేసిన సార్?" అన్నాడు. పోలీసును కానని నమ్మించి, తల్లీబిడ్డల్ని పండుగకు పంపమని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తెనాలిలో ఒక్కపూట ఉన్నాను. పాప నా మీసం చూసి ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకాసేపు వినాలనిపించింది, కానీ రైలు టైమైంది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు తిరిగొచ్చేసరికి మల్లమ్మ కూతురు బండమీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది. మల్లమ్మ మనుమరాలిని చంకనెత్తుకుని మేకు చూపిస్తోంది.

"ఇదేనే మన స్టేషన్. రైలు లేకున్నా దిగినవ్ సూడు."

ఆ బండ ఇప్పుడు లేదు. రాయదుర్గానికి మెట్రో వచ్చింది. మల్లమ్మను ఒక్కసారి అందులో ఎక్కించాలని ఉంటుంది, ఆమె లేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ ఊళ్ళో దిగినా మేకును మేకు అనే చెప్పాను. స్టేషన్ అన్న మాటను ఫీల్డ్‌బుక్కు దాటనివ్వలేదు.