మా మామ జింకల్ని తోలిన కాలం

తొంభైల చివర్లో పామిడి నుంచి నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఇక్కడ జింక అన్నది తిట్టు. పని ఎగ్గొట్టి తిండికి మాత్రం వేళకు హాజరయ్యేవాణ్ణి మా అత్త "వాడొక జింక" అనేది. మా పుట్టింట్లో జింక అంటే క్యాలెండరు బొమ్మ. రాయదుర్గం దారిలోని మా అత్తవారి చేలలో మాత్రం అది మందలు మందలుగా వచ్చి, అప్పుడే మొలకెత్తిన చెనక్కాయ విత్తనాన్ని వేరుతో సహా తినిపోయే జీవి. కొడితే కేసు, కొట్టకపోతే పంట లేదు. అందుకని మా మామ పొద్దున్నే పాత నూనె డబ్బా మెడకు తగిలించుకుని, కర్రతో వాయిస్తూ, "హోయ్" అని కేక వేసుకుంటూ చేలన్నీ తిరిగేవాడు. ఆ కేక వినపడితే మా ఇంట్లో పాలు పితకడం మొదలయ్యేది.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆయన స్నేహితుడొకడు బెంగళూరు నుంచి కెమెరా వేసుకుని వచ్చాడు. గట్టు మీద నిలబడి, మెలితిరిగిన కొమ్ముల ఇర్రిని, నల్లటి మగజింకను, చూసి కెమెరా ఎత్తడం కూడా మరిచిపోయాడు. "దీన్ని చూడ్డానికి జనం ఎంత దూరం నుంచైనా వస్తారు" అన్నాడు. విత్తినప్పుడు మొహం చాటేసి, పీకి ఆరబెట్టినప్పుడు వచ్చే వానలతో మా ఆయనకు సేద్యం మీద అప్పటికే విరక్తి పుట్టి ఉంది. ఆ మాట పట్టుకున్నాడు.

చలికాలం వచ్చేసరికి పడమటి చేలో నాలుగు గుడారాలు లేచాయి. లోపల పరుపు మంచాలు, దోమతెరలు, నిలువుటద్దాలు. దారి పక్కన వన్యప్రాణుల సంరక్షణ అని రంగుల బోర్డు. మామ గుడారాల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏమప్పా, దీంట్లో పండుకునేదానికి అంత దూరం నుంచి వస్తారా?"

"పండుకునేదానికి కాదు నాయనా, జింకల్ని చూసేదానికి."

"అట్లయితే వాళ్ళను నా కాడికి పంపు. తలా ఒక డబ్బా ఇస్తా. నాకు మనుషులు దొరక్క చస్తాండా."

అతిథులు వచ్చారు. జింకలు రాలేదు. గుడారాలు అందంగా కనపడాలని మా ఆయన చెనక్కాయ మానేసి, తుప్పలన్నీ కొట్టించి, పచ్చిక పరిపించి, కాగితపుపూల చెట్లు నాటించాడు. జింకలు దారి దాటి పక్కవాళ్ళ చేలోకి పోయాయి. మా అతిథులు మా కుర్చీల్లో కూర్చుని, మా టీ తాగుతూ, దుర్భిణీలు పెట్టుకుని పక్కవాళ్ళ జింకల్ని చూశారు. వాళ్ళకు జవాబు చెప్పే పని నాది. "రేపు తప్పకుండా వస్తాయండీ" అనేదాన్ని, అవేవో మా చుట్టాలైనట్టు.

అందరికంటే ఎక్కువ చిన్నబోయినవాడు మామ. "ఇన్నేండ్లు తరిమితే పోలేదు. ఇప్పుడు రమ్మంటే రాలేదు చూడు" అని మొహం ముడుచుకున్నాడు. అత్త మాత్రం, "తినేదానికి ఏమీ లేని ఇంటికి నేనైనా పోను" అని లోపలికి పోయింది. మా ఆయన ఆలోచించి, బోరు నీళ్ళు పారించి, గుడారాల ముందర కొంచెం మేర చెనక్కాయ, అలసందలు వేయించాడు. జింకల కోసం మా వంశంలో విత్తిన మొదటి పంట అది.

పైరు జానెడు లేచిందో లేదో, వచ్చేశాయి. ఆ పొద్దు అతిథులు టీ కప్పులు పట్టుకుని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పాలచెంబుతో అటు వచ్చిన మామకు పచ్చటి చెనక్కాయ మీద మంద కనపడింది. అంతే. చెంబు కింద పెట్టి, అతిథుల ముందున్న స్టీలు పళ్ళెం లాక్కుని, చేత్తో వాయిస్తూ "హోయ్" అన్నాడు. మందకు మంద గాల్లోకి లేచింది. మనిషి ఎత్తున ఎగురుకుంటూ కనపడకుండా పోయాయి. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

అతిథులు మొదట నిర్ఘాంతపోయారు, తర్వాత చప్పట్లు కొట్టారు. ఒకాయన మామ దగ్గరికి వచ్చి, ఫొటో సరిగా పడలేదు, ఇంకోసారి చేయగలరా అని అడిగాడు.

ఆ వారం నుంచి అది పొద్దుటి కార్యక్రమమైంది. జీవితమంతా తిట్టుకుంటూ చేసిన పనికి మామకు ప్రేక్షకులు ఏర్పడ్డారు. మా ఆయన ఎర్ర తలపాగా కొనుక్కొచ్చాడు. మామ తన పెళ్ళిలో కూడా తలపాగా చుట్టినవాడు కాదు. రోజూ దాన్ని చుట్టే పని కూడా నాకే పడింది. పెద్దమనిషిని ఇట్లా ఆడిస్తున్నామే అని మొదట్లో ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ఒకరోజు చుట్టడం అయ్యాక, "బాగుండాదామ్మా?" అని మెల్లగా అడిగాడు. అప్పుడు గమనించాను, ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

తర్వాతి చలికాలంలో అటవీశాఖ అధికారి ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి దిగాడు. కార్యక్రమం అంతా చూసి, నెమ్మదిగానే చెప్పాడు. "సంరక్షణ అని బోర్డు పెట్టుకుని తరమడం ఏమిటండీ? అది నేరం."

"తరమకుంటే తినేస్తాయి సార్" అన్నాడు మామ.

"తిననివ్వండి. అందుకేగదా విత్తారు?"

మామ తలపాగా విప్పి నా చేతికిచ్చి ఇంటికి వచ్చేశాడు.

కేక లేకపోయేసరికి జింకలకు భయం పోయింది. గుడారాల ముందే తల వంచుకుని పొద్దెక్కేదాకా మేసేవి. అతిథులకు అది నచ్చలేదు. మేకల్లాగా మేస్తున్నాయి, ఎగరవేమిటి అని నన్నడిగేవాళ్ళు. క్రమంగా రావడం తగ్గించారు. ఆపైన వానలు మొహం చాటేశాయి, బోరు ఎండింది. మా ఆయన రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్లో చేరాడు. గుడారాల బట్ట పశువుల మేత వామి మీద కప్పాం. అతిథుల కోసం కట్టిన టైల్సు బాత్రూములు ఇంట్లోని ఆడవాళ్ళకు మిగిలాయి. ఆ వ్యాపారంలో వచ్చిన లాభం అదొక్కటేనని మా అత్త ఇప్పటికీ అంటుంది.

కాస్త వాన పడిన ఏడు మామ పడమటి చేలో, గుడారాల ముందర జింకల కోసం వేసిన ఆ ముక్కను మళ్ళీ విత్తాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఒకరోజు నేను అన్నం తీసుకుపోయేసరికి, గొర్రెల కాపరి ఒకాయనతో గొడవ పడుతున్నాడు.

"యాడికి తోలుకొస్తాండావు? ఈడ జింకలు మేస్తాండాయి కనపళ్ళా?"

"జింకలు మేస్తే తప్పు లేదా అన్నా, నా గొర్రెలు మేస్తేనే తప్పా?"

"నీ గొర్రెలకు నువ్వుండావు కదప్పా" అన్నాడు మామ.

ఇంటికొచ్చి నేను ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం మామ పక్కన కూర్చుని, "మళ్ళీ గుడారాలు వేద్దామా నాయనా?" అని అడిగాడు.

మామ చెనక్కాయ ఒలుస్తున్నాడు. తలెత్తలేదు.

"వద్దులే. ఇప్పుడిప్పుడే నెమ్మదిగా తింటాండాయి."