తౌనో గీసిన వంకర గీత

సానెల్మాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా దీవిలో అందరూ అనేవారు. అనేవాళ్ల నోళ్లకేం? ఆ కోపంలో ముప్పాతిక వంతు ఆమె తమ్ముడు తౌనో తెప్పించిందేనని మాత్రం ఒక్కరూ అనరు. తౌనో అంటే అందరికీ ముద్దు. కలప కంపెనీల కోసం అడవిలో సరిహద్దు గీతలు నరికేవాడు. ఎంత వానైనా, ఆకాశం కనబడని ఎంత గుబురైనా, దిక్సూచి ఒక్కటి చేతపట్టుకుని పోయి అనుకున్న చోటే తేలేవాడు. తిన్నగీత తౌనో అని పేరు పెట్టారు. ఆ పేరు వాడి నెత్తికెక్కింది.

సానెల్మా చేపల కార్ఖానాలో సాల్మన్ డబ్బాలు నింపేది. భర్త పడవతో సహా సముద్రంలో పోయాడు. పిల్లలు లేరు. చేపల కాలం ముగియగానే నడుముకు సుత్తి కట్టుకుని కొండలు పట్టేది. ఆ రాళ్ల పిచ్చి తండ్రి అంటించినది. ఆయన ఫిన్లండ్‌లో రాగి గనిలో ఒళ్లు హూనం చేసుకుని, ఇక్కడికి వచ్చిపడ్డవాడు. "సున్నపురాయి, గ్రానైటు తగులుకున్న చోట వెతకవే అమ్మీ. అక్కడ కొండ ఉడికి ఉంటుంది" అనేవాడు. అడుగు నుంచి కరిగిన రాయి ఎగదన్ని సున్నపురాయిని కాల్చిన చోట గోధుమరంగు గోమేదికపు రాయి పేరుకుంటుంది. దాన్ని ఆయన స్కార్న్ అనేవాడు. పాత గనివాళ్ల మాటల్లో చెత్త అని అర్థం. రాగీ ఇనుమూ దాక్కునేది ఆ చెత్తలోనే.

జపాను ఓడలు ఇనుపరాయి కోసం మా తీరానికి రావడం మొదలెట్టిన ఏడాది, సముద్రపు పాయకు అవతలి కొండలో సానెల్మాకు అది కనబడింది. గాలివానకు ఒక దేవదారు వేళ్లతో సహా లేచి పడింది. వేళ్ల కింద నాచు చిరిగి, రాగి చిలుములా ఆకుపచ్చ మరక తేలిన రాయి బయటపడింది. సుత్తితో కొడితే లోపల ఇత్తడిలా మెరిసే రాగిరాయి, దాని చుట్టూ నల్లగా, చెయ్యి లాగేసేంత బరువుగా ఇనుపరాయి. ఆమె ఆ బురదలోనే చతికిలబడి, ఇది నాది అనుకుంది. ఉంటున్న గది కార్ఖానాది, వేసుకున్న బూట్లు చచ్చిపోయిన మొగుడివి. నాది అనుకోవడానికి అంతకు ముందు ఆమెకేమీ లేదు.

మా దేశపు చట్టం ప్రకారం అలాంటి నేలను దక్కించుకోవాలంటే రెండు గుంజలు పాతాలి. ఒకటో గుంజ నుంచి రెండో గుంజకు చెట్ల మీద గాట్లు పెడుతూ తిన్నగా గీత తియ్యాలి. గీతకు కుడిపక్క ఇంత, ఎడమపక్క ఇంత అని గుంజ మీద రాయాలి. అదే క్లెయిము. గీత తియ్యడానికి తమ్ముడిని కాక ఇంకెవరిని పిలుస్తుంది?

ఆ రోజు వాన కుండపోత. సగం దూరం పోయాక సానెల్మా ఆగింది.

"ఒరేయ్, సూది వణుకుతోంది చూడు. కింద ఉన్నది అయస్కాంతపు రాయిరా. లాగేస్తుంది."

"నీ మొహం. సూది సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"వెనక్కి తిరిగి గాట్లు ఒక వరసలో ఉన్నాయో లేదో చూడరాదూ? చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"తౌనో వెనక్కి చూశాడని ఊళ్లో తెలిస్తే నవ్వుతారే అక్కా. నడు."

చూడలేదు. అంత ఇనుముందని సంబరపడి వచ్చిన మనిషి, ఆ ఇనుమే తన సూదిని లాగుతుందంటే నమ్మలేదు. ఇంతకంటే బుద్ధితక్కువతనం ఉంటుందా? నాకిప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. గీత పడమటికి వంగిపోయింది. వేళ్లు లేచిన ఆ దేవదారు, దాని కింద రాయి, క్లెయిముకు అవతల ఉండిపోయాయి.

వసంతంలో ప్రెంటిస్ అనేవాడు ఒక కంపెనీ తరఫున కొండెక్కాడు. ఎండకాసిన రోజున గాట్లు చూసి, వంకర కనిపెట్టి, మిగిలిపోయిన ఆ నేలలో చప్పుడు చెయ్యకుండా తన గుంజలు పాతుకున్నాడు. సానెల్మా గోల చేసింది. తగవు తీర్చడానికి పట్నం నుంచి గనుల అధికారి పడవెక్కి వచ్చి, మా బడిలో కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది.

అధికారి మంచివాడే. "చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. నిజాయితీగా ప్రయత్నించి పొరపాటు పడిన మనిషి నేలను లాగేసుకోం. తౌనో గారూ, అయస్కాంతపు రాయి వల్ల మీ గీత తప్పిందా?" అని అడిగాడు.

అవునంటే చాలు. ఒక్క అవును.

తౌనో లేచి నిలబడ్డాడు. ఊరివైపు చూశాడు. "నా గీత ఎప్పుడూ తప్పలేదండీ. తిన్నగానే ఉంది" అన్నాడు.

"ఆలోచించి చెప్పండి. తిన్నగా ఉంటే ఆ రాయిని మీరు కావాలనే బయట వదిలేసినట్టవుతుంది."

"తిన్నగానే ఉంది."

ప్రెంటిస్ నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. సానెల్మా ఎవరూ పిలవకుండానే లేచింది.

"వాడు తప్పాడు. పక్కన నడిచింది నేను. సూది వణికింది, చెప్పాను, వినలేదు. వెనక్కి చూడమన్నాను, చూడలేదు. పరువు కోసం నా కొండను నీళ్లలో కలుపుతున్నాడు. రాసుకోండి."

బడిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత అందరూ నవ్వారు. సిగ్గులేని జనం. అధికారి ఆమె మాటే రాసుకున్నాడు, నేల సానెల్మాకు దక్కింది. తౌనో టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ప్రతి శనివారం అక్క రాళ్లు కాల్చి నీళ్లు చల్లి సిద్ధం చేసే ఆవిరి స్నానానికి వచ్చేవాడు, ఆ వారం నుంచి మానేశాడు. కలప కంపెనీలు కూడా గీతలకు వేరే మనిషిని పెట్టుకున్నాయి. సానెల్మా రాళ్లు వేడిచేసుకుని, ఒంటరిగా కూర్చుని, వాడిని తిట్టుకునేది.

రెండేళ్లకు వేరే కంపెనీ ఒకటి ఆమెతో ఒప్పందం చేసుకుని కొండను డ్రిల్లుతో తొలిచి చూసింది. మొదట మంచి రాయే తగిలింది. ఆ వెనక నేలలోపలే గోడలా నిలిచిన నల్లరాయి ఒకటి దాన్ని అడ్డంగా కోసేసింది. ఆ రాతిగోడకు అవతల ఉత్త సున్నపురాయి. ఉన్నదల్లా ఒక ఇంటంత ముద్ద. వాళ్లు ఇనుప పెట్టెలు సర్దుకుని పోయారు.

ఆ కబురు చెప్పుకుని ఏడవడానికి సానెల్మాకు ఒక్కడే ఉన్నాడు. వాడి ఇంటికి పోయింది. తౌనో మెట్ల మీద గొడ్డలి నూరుకుంటున్నాడు, తలెత్తలేదు.

"తొలిచారటగా. ఏముంది?"

"ఇంటంత ముద్ద. దాని అవతల ఏమీ లేదు."

వాడి మొహం విప్పారింది. కొండ ఉత్తదైనందుకు సంతోషించాడు, వెధవ. గొడ్డలి పక్కన పెట్టాడు.

"చూశావా? నేను వదిలేసింది చెత్తేగా. అక్కా, ఇప్పుడు పోయేదేముంది? నా గీత తిన్నగానే ఉందని ఊళ్లో ఒక్కసారి అను. ఈ శనివారమే వస్తాను."

సానెల్మా వాడి వైపు చూసింది. గడ్డం నెరిసింది. చొక్కాకు గుండీలు కూడా సరిగ్గా లేవు. అనెయ్యాలనే అనిపించింది.

"ఆ రాయి చూసింది నేను," అంది. "గీత వంకరగా నరికింది నువ్వు. కొండలో ఏమీ లేకపోయినా ఆ రెండూ మారవురా."

వాడు మళ్లీ గొడ్డలి అందుకున్నాడు. ఆమె మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయింది. శనివారం వాడు రాలేదు, ఆమె ఎదురుచూడటం మానలేదు.