నేను గేటు దగ్గరే ఉండమన్నాను

నేను ఫిజిక్స్ చెబుతాను. దయ్యాలంటే నాకు నవ్వు. మా ఇంటర్ పిల్లలు హాస్టల్ మెట్ల మీద ఏదో తెల్లగా కనబడిందని వస్తే, ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను. ఇది చదివి వాళ్లు నన్ను ఆటపట్టించినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మా బాపు ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. ఆ చప్పుడుకు ఆయన చెవులు పోయాయి. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టేవాడు. తను నోరు విప్పితే మాత్రం వాడకట్టంతా వినబడేది.

నేను లెక్చరర్ ఇంటర్వ్యూలకు తయారవుతున్నప్పుడు రోజూ సాయంత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను న్యూటన్ సూత్రాలు చెబుతుంటే నా నోటినే చూసేవాడు. కంగారులో మాటలు మింగితే, చెయ్యి నోటి దగ్గర పెట్టి ఐదు వేళ్లూ విప్పేవాడు. సాంచాల మధ్య పనిచేసేవాళ్లు సైగలతోనే మాట్లాడుకుంటారు. ఇది మాత్రం నాకోసం ఆయన కల్పించిన సైగ.

"నోరు తెరిచి చెప్పు బిడ్డా. నాకు సమజైతే అందరికీ సమజైతది" అనేవాడు.

మొదటి ఇంటర్వ్యూ కరీంనగర్‌లో. తెల్లంగి ఇస్త్రీ చేయించుకుని బాపు కూడా బయల్దేరాడు. కాలేజీ గేటు దగ్గర నాకు సిగ్గేసింది. లోపల ఆయన గట్టిగా మాట్లాడితే అందరూ మమ్మల్నే చూస్తారనిపించింది.

"బాపూ, నువ్వు గీడనే ఉండు. లోపటికి రాకు" అన్నాను.

నా పెదాలు చూశాడు, తలూపాడు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాడు.

నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తిరుగు బస్సులో "ఎట్ల చెప్పినవ్ బిడ్డా?" అని అడిగితే, కిటికీ వైపు తిరిగి ఏదో గొణిగాను. ముఖం తిప్పుకుంటే ఆయనకు ఏమీ తెలియదని నాకు తెలుసు. తెలిసే తిప్పుకున్నాను. మళ్లీ అడగలేదు పాపం.

ఆ శ్రావణంలోనే గుండె ఆగి బాపు పోయాడు. గేటు సంగతి నేను నన్ను కన్న అవ్వకు కూడా చెప్పుకోలేదు.

మరుసటి ఎండాకాలం మంచిర్యాలలో ఒక కాలేజీ నుంచి పిలుపొచ్చింది. అప్పటికి అవ్వ చేసే బీడీల మీదే ఇల్లు నడుస్తోంది. ఇదీ రాకపోతే చదువు పక్కన పెట్టి బట్టల దుకాణంలో చేరాల్సిందే. నెల రోజులు ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టుకుని ప్రాక్టీస్ చేశాను. ఒక్కదాన్నే పోయాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఒక్క మాట కూడా మింగలేదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఆ మనిషిని నేను ఆ రోజుకు ముందు ఎన్నడూ చూడలేదు.

"మీ బాపేడమ్మా? గిప్పటిదాంక గీడనే ఉండె. ఎండ కొడుతుంది, జర లోపట కూసోమంటే రాలే. 'నా బిడ్డ గీడనే ఉండమన్నది' అన్నడు. ఎంత గట్టిగ మాట్లాడుతడమ్మా!"

మీరు వేరే ఎవరినో అనుకుంటున్నారన్నాను.

"నిన్నే చూపెట్టిండమ్మా. నువ్వు లోపటికి పోతుంటే గిట్లన్నడు" అంటూ చెయ్యి నోటి దగ్గర పెట్టి ఐదు వేళ్లూ విప్పాడు.

గేటు బయటికి పరుగెత్తాను. ఎండ, రెండు ఆటోలు, చెరుకు రసం బండి. ఇంకెవరూ లేరు. అక్కడే రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను.

ఆ రోజు ఇంటర్వ్యూకు వచ్చిన మిగతా ముగ్గురినీ తర్వాత వాకబు చేశాను. ఎవరి వెంటా తండ్రి రాలేదు. వాచ్‌మన్‌కు బాపు ఫోటో చూపిద్దామని చాలాసార్లు ఫోన్ బయటికి తీశాను. కాదంటే తట్టుకోలేనని భయం. ఇంతవరకు చూపించలేదు.

ఆ ఉద్యోగం నాకే వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర జరిగినదానికి ఒక కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. ఎవరో తెలియని మనిషికి కనబడ్డాడు, నాకు కనబడలేదు. ఆ బాధ మాత్రం పోవట్లేదు.

రోజూ పొద్దున గేటు దాటే ముందు ఒక్క నిమిషం ఆగుతాను. రోడ్డు వైపు తిరిగి, "లోపటికి రా బాపూ" అంటాను.

ఆయనకు వినబడదు కదా. నోరు బాగా తెరిచి అంటాను.