అత్త కొలతల సీటు

పెళ్లయిన కొత్తలో నాకొక జబ్బుండేది. ఇంట్లో ఏది సరిగా లేకపోయినా నా చేత్తో నేనే బాగుచేయాలి, అత్తింటివాళ్లతో శభాష్ అనిపించుకోవాలి. అప్పటికి అత్తకూ నాకూ మధ్య మాటలు "తిన్నావా", "తిన్నానత్తా" దాటలేదు. అలాంటి రోజుల్లో ఓర్వకల్లులో మా ఆడబిడ్డ గృహప్రవేశం వచ్చింది. అత్తకు నడుము నొప్పి. కర్నూలు నుంచి అంతదూరం బస్సులో పోవడం ఆమె వల్ల కాదు, ఆటో కుదుపులకు తట్టుకోలేదు. "నీ స్కూటీ మీదైతే వస్తా పాపా, కానీ ఆ సీటు బండరాయి మాదిరి ఉండాది" అంది. నాకు ఆ ఒక్క మాట చాలు.

మెత్తటి సీటు చేద్దామని స్పాంజి కోసం ఇల్లంతా చూస్తే, మా పుట్టింటివాళ్లు పెళ్లికిచ్చిన పరుపు కనిపించింది. కాళ్లవైపు ఒక ముక్క కోశాను. (మా ఆయన పొడగరి. "పరుపు పొట్టిదైనట్టుండాదే" అన్నాడు. ఎండకు ముడుచుకుందేమో అన్నాను.) కూర్చునే మనిషి ఒంటి వాటాన్ని బట్టి స్పాంజిని చెక్కాలని ఫోనులో ఒక వీడియో చూశాను. ఆ వాటం తెలిసేదెట్లా? ఎదురింటివాళ్ల ఇసుక కుప్ప మీద నీళ్లు చల్లి, అత్తను కాసేపు కూర్చోమన్నాను. నన్ను ఎగాదిగా చూసి, చీర సర్దుకుని కూర్చుంది. అటుగా పోతున్న పక్కింటామె ఆగిపోయింది.

"ఏమక్కా, తడి ఇసకలో కుచ్చున్నావే?"

"నా కోడలు కొలతలు తీస్తాండాదిలే. నువ్వు పో."

ఇసుకలో పడిన ఆ గుంటను చూసుకుంటూ, ఇనుము కోసే బ్లేడుతో స్పాంజిని చెక్కి, గరుకు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను. ఆ పొడి ఇల్లంతా ఎగిరింది. మధ్యాహ్నం అత్త "పప్పు నమిలితే సాగుతాండాదే" అంది కానీ, పళ్లెం ఖాళీ చేసే లేచింది. పైన రెక్సిన్ చుట్టి, అంచులకు బంక పూసి, స్కూటీ సీటు మీద అతికించాను. బంక బాగా ఆరాలని డబ్బా మీద రాసే ఉంది. ముహూర్తం మాత్రం మరుసటి పొద్దునే.

పొద్దున్నే అత్తను వెనక ఎక్కించుకుని బయలుదేరాను. దారి పక్కన ఓర్వకల్లు రాతిబండలు కనిపించాక "శానా సుఖంగా ఉండాది పాపా" అంది. నా ఛాతీ ఉబ్బిపోయింది. కొత్తింటి ముందు బండి ఆపాను. అత్త దిగలేదు. దిగలేకపోయింది. ఎండకు కరిగి అంచుల్లోంచి ఉబికిన బంక పట్టుచీరను పట్టేసుకుంది. ముందే వచ్చిన మా ఆయన ఒక చెయ్యి, ఆడబిడ్డ ఒక చెయ్యి పట్టుకుని లాగితే, అత్తతోపాటు నా సీటు కూడా ఊడొచ్చి ఆమె వెనకాలే వేలాడింది. వచ్చిన చుట్టాలంతా అటే చూశారు. నాకు ఆ బండల వెనక్కి పారిపోదామనిపించింది.

"ఏమప్పా, అట్ల చూస్తారు? ముహూర్తం దాటిపోతాది, పదండి" అని అత్త కొంగు వెనక్కి కప్పుకుని లోపలికి నడిచింది. గట్టి నేల మీద అందరూ కాళ్లు మార్చుకుంటూ అవస్థ పడుతుంటే, ఆమె మాత్రం నా సీటు మీద హోమం అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. మధ్యలో నన్ను దగ్గరికి పిలిచి చెవిలో "నీకూ ఒకటి చేసుకోకపోతివా?" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. పురోహితుడు మంత్రం ఆపి మావైపు చూశాడు.

ఇప్పుడు దిండు గలీబు చిరిగినా దర్జీకిచ్చేస్తాను. ఒక వీడియో చూసి, అత్తగారిని తడి ఇసుకలో కూర్చోబెట్టిన ఆ పిల్లకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో! కనిపిస్తే ఆ ధైర్యం కాస్త అప్పు అడగాలనిపిస్తుంది.